విడవని సన్నజ్వరం: పిల్లల ఒళ్లు వారాల తరబడి వెచ్చగా ఉంటే తల్లిదండ్రులు ఏం చేయాలి

సాయంత్రమయ్యేసరికి బిడ్డ నుదురు వెచ్చబడుతుంది. థర్మామీటర్ పెడితే 99.6 అనో 100 అనో చూపిస్తుంది, తెల్లవారేసరికి ఏమీ ఉండదు. దగ్గు లేదు, వాంతి లేదు, విరేచనాలు లేవు. బిడ్డ ఆడుకుంటూనే ఉంటుంది. నాలుగు రోజులు చూద్దామనుకున్నది మూడు వారాలవుతుంది. పరీక్షల్లో ఏమీ లేదంటారు, మందు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, ఇంట్లో ఒకరు లోజ్వరమంటే మరొకరు కంగారు పడవద్దంటారు. పెద్ద జ్వరం రెండు మూడు రోజుల్లో తానేమిటో చెప్పేస్తుంది. సన్నజ్వరం అలా చెప్పదు కనుక, 103 డిగ్రీల జ్వరం కన్నా ఇదే కన్నవారిని ఎక్కువగా నలిపేస్తుంది.

ఇలాంటి జ్వరాల్లో అధిక భాగం ప్రమాదం లేనివే అయినా, వాటి మధ్య అరుదుగా ఒక తీవ్రమైన వ్యాధి దాగి ఉండవచ్చు. ఈ రెంటినీ వేరు చేయడానికి అన్నిటికన్నా ముందు అక్కరకు వచ్చేది సరిగ్గా కొలిచి, సరిగ్గా రాసి పెట్టుకున్న రెండు వారాల లెక్క అని నా గట్టి నమ్మకం. ఆ లెక్క చేతిలో లేకుండా చేయించే పరీక్షలు చీకట్లో వెతుకులాటే అవుతాయి. కాబట్టి కింది మెట్లలో ఎక్కువ భాగం ఇంట్లో జరగవలసిన పనికే కేటాయించాను.

ముందుగా: ఇది చదువుతూ కూర్చోకూడని సందర్భాలు

మూడు నెలలు నిండని పసికందుకు ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, బిడ్డ ఎంత హుషారుగా కనిపించినా అది అత్యవసర పరిస్థితే. ఆ వయసులో రక్తంలో, మూత్రంలో, మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా బయటికి జ్వరం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. ఏ వయసు బిడ్డకైనా మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ రావడం, లేపినా సరిగా లేవనంత మగత, ఊపిరి తీసుకోవడానికి ప్రయాస, గాజు గ్లాసుతో నొక్కి చూసినా చెరగని ఎర్రటి లేదా ఊదా మచ్చలు, చాలా గంటలుగా మూత్రం రాకపోవడం వంటివి కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారికి, ప్లీహం తీసివేసినవారికి, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి ఇంట్లో వేచి చూసే పద్ధతి అసలు వర్తించదు.

మరొక సందర్భాన్ని విడిగా చెప్పాలి. జ్వరం ఐదు రోజులు దాటి, పుసి లేకుండానే రెండు కళ్లూ ఎర్రబడి, పెదాలు పగిలి, నాలుక ఎర్రగా కంది, ఒంటిపై దద్దు లేచి, చేతులూ పాదాలూ ఉబ్బితే అది కవాసాకి వ్యాధి కావచ్చు. జపాన్ వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో వర్ణించిన ఈ వ్యాధికి జ్వరం మొదలైన 10 రోజుల లోపు చికిత్స అందితే గుండె రక్తనాళాలు దెబ్బతినే అవకాశం బాగా తగ్గుతుంది. పై లక్షణాలన్నీ ఒకేసారి కనిపించకపోవచ్చు, ఒకటి తగ్గాక మరొకటి రావచ్చు. అందుకే కనిపించిన ప్రతిదాన్నీ తేదీతో సహా చెప్పడం ముఖ్యం.

మొదటి మెట్టు: అది జ్వరమేనా అని తేల్చుకోవడం

98.6 అనే అంకె మన మనసుల్లో గీతలా పాతుకుపోయింది. 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ వేలాది మంది రోగుల చంకల్లో కొలిచి ప్రచురించిన సగటు అది. సగటును మించిన ప్రతి అంకె జ్వరం కాదు. ఆరోగ్యవంతులైన యువకులపై అమెరికాలో జరిగి 1992లో వెలువడిన ఒక పరిశీలనలో నోటి ఉష్ణోగ్రత సగటు 98.2 డిగ్రీలుగా, ఏ జబ్బూ లేని మనిషికి సాయంత్రం చేరగల గరిష్ఠ హద్దు 99.9 డిగ్రీలుగా తేలింది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దలకన్నా కొంత వెచ్చగానే ఉంటుంది, రోజులో ఎక్కువ తక్కువల తేడా కూడా వారిలో ఎక్కువే. తెల్లవారుజామున అడుగుకు దిగిన ఉష్ణోగ్రత సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. పరుగెత్తి వచ్చినా, ఏడ్చినా, వేడిగా ఏదైనా తాగినా, మందపాటి బట్టలు కప్పినా, నీళ్లు చాలకపోయినా అంకె పెరుగుతుంది.

మలద్వారంలో కొలిస్తే 100.4, నోట్లో 100, చంకలో 99.5 డిగ్రీలు దాటినప్పుడు జ్వరమని పరిగణించడం సాధారణ పద్ధతి. ఈ లెక్కన ప్రతి సాయంత్రం నోట్లో 99.4 చూపించే ఆరేళ్ల బిడ్డకు జ్వరమే లేదు, ఉన్నది ఆరోగ్యవంతమైన శరీర గడియారం. ఎన్నో కుటుంబాల ఆందోళన ఈ మొదటి మెట్టు దగ్గరే తీరిపోతుంది కనుక దీన్ని దాటవేయవద్దని మరీమరీ కోరుతున్నాను.

రెండవ మెట్టు: సరిగ్గా కొలవడం

నుదుటిపై చేయి పెట్టి చూడటం జ్వరం లేదని నమ్మడానికి కొంతవరకు పనికొస్తుంది గానీ, ఉందని నిర్ధారించడానికి చాలదు. డిజిటల్ థర్మామీటర్ ఒకదాన్ని ఎంచుకుని అన్ని రోజులూ అదే వాడాలి. పగిలితే పాదరసం ప్రమాదకరం కనుక పాతకాలపు గాజు థర్మామీటర్‌ను పక్కన పెట్టడం మంచిది. చంకలో కొలిచేటప్పుడు చెమట తుడిచి, మొన చర్మానికి పూర్తిగా తగిలేలా పెట్టి, చేతిని ఒంటికి ఆనించి, శబ్దం వచ్చేవరకు కదలకుండా పట్టుకోవాలి. నోట్లో కొలిచేవారు నాలుక కింద వెనుక భాగాన పెట్టాలి. ఏదైనా తిన్నా తాగినా అరగంట ఆగాలి. చెవి థర్మామీటర్ ఆరు నెలలలోపు పిల్లలకు నమ్మదగినది కాదు. స్నానం తర్వాత, ఆట తర్వాత కూడా అరగంట విరామం అవసరం.

చంకలో వచ్చిన అంకెకు ఒక డిగ్రీ కలిపి రాసే అలవాటు చాలామందికి ఉంది. అది మానేయాలి. చంకకూ లోపలి ఉష్ణోగ్రతకూ మధ్య తేడా అందరిలోనూ, అన్ని వేళలా ఒకే విధంగా ఉండదు. వచ్చిన అంకెను వచ్చినట్టే రాసి, పక్కన 'చంక' అనో 'నోరు' అనో గుర్తు పెడితే వైద్యుడు అర్థం చేసుకుంటాడు.

మరొక పని కూడా చేయవలసి ఉంది: అదే థర్మామీటర్‌తో, అదే సమయంలో ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మరొకరికీ నాలుగు రోజుల పాటు కొలవండి. వారికీ 99.5 చూపిస్తే లోపం పరికరంలోనో, గది వేడిలోనో, కొలిచే తీరులోనో ఉన్నట్టు. ఎంతో సులభమైన ఈ పరీక్షను చేసేవారు చాలా అరుదు.

మూడవ మెట్టు: రెండు వారాల పుస్తకం

రోజుకు మూడుసార్లకు మించి కొలవవద్దు. నిద్ర లేచి పక్క దిగకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు గంటల మధ్య అరగంట కుదురుగా కూర్చోబెట్టాక ఒకసారి చాలు. గంటగంటకూ కొలిస్తే లెక్క మెరుగుపడదు సరికదా, బిడ్డ తనకేదో పెద్ద జబ్బు చేసిందని లోలోపల భయపడటం మొదలుపెడుతుంది.

అంకె పక్కన బిడ్డ పరిస్థితిని ఒక వాక్యంలో రాయాలి: ఆడుకుందా, పడుకుందా, ఎప్పటిలా తిన్నదా, కాలు నొప్పి అన్నదా, ఒంటిపై ఏదైనా కనిపించిందా. నెలల తర్వాత చూసినప్పుడు అంకెల కన్నా ఈ వాక్యాలే ఎక్కువ మాట్లాడతాయి. జ్వరం మందు వేస్తే ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది రాయాలి. మందు వేశాక తీసిన అంకెను విడిగా గుర్తించాలి. వారానికోసారి ఒకే తూకపు యంత్రంపై, పలుచని బట్టలతో బరువు చూసి రాయాలి. ఒంటిపై దద్దు కనిపిస్తే అప్పుడే ఫొటో తీసిపెట్టుకోవాలి, ఎందుకంటే కొన్ని వ్యాధుల్లో అది జ్వరంతో వచ్చి జ్వరంతోనే మాయమవుతుంది, వైద్యుడి గదిలో చూపడానికి మిగలదు.

వీలైతే నాడి కూడా లెక్కించండి. బిడ్డ నిద్రలో ఉండగా నిమిషం పాటు లెక్కపెట్టి రాయండి. నిజమైన జ్వరంలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంకె ఎక్కువగా ఉండి నాడి మామూలుగానే ఉంటే కొలతను అనుమానించాలి. జ్వరం లేని సమయంలోనూ నాడి వేగంగా ఉండి, బాగా తింటున్నా బరువు తగ్గుతూ, చెమటలు పోస్తుంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదేమో చూడాలి.

పుస్తకం మొదటి పేజీలో కొన్ని పాత సంగతులు కూడా ఉండాలి. ఇటీవలి టీకాలు, కొత్తగా మొదలుపెట్టిన మందులు, చేసిన ప్రయాణాలు, ఇంట్లో గానీ దగ్గరివారిలో గానీ క్షయ లేదా విడవని దగ్గు, పెంపుడు జంతువులు, పిల్లి గీతలు, పురుగు కాట్లు, కాచని పాలు తాగడం, కుటుంబంలో విడిచి విడిచి వచ్చే జ్వరాల చరిత్ర వంటివి రాయండి. వీటిలో అనవసరమనిపించే ఒక్క వివరమే కొన్నిసార్లు దారి చూపుతుంది. కాచని పాలు పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్‌ను, పిల్లి గీత బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను, మూర్ఛ మందు ఔషధ జ్వరాన్ని, అంటే మందు వల్లే వచ్చే జ్వరాన్ని గుర్తు చేస్తాయి.

నాలుగవ మెట్టు: పుస్తకంలో జ్వరం ఆకారాన్ని చూడటం

రెండు వారాల తర్వాత పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే సాధారణంగా మూడు ఆకారాల్లో ఒకటి కనిపిస్తుంది.

తరచుగా కనిపించేది, ఒకే జ్వరంలా అనిపించే వేర్వేరు జ్వరాల వరుస. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే, బడిలోనో శిశు సంరక్షణ కేంద్రంలోనో కొత్తగా చేరినవారికి ఇంకా ఎక్కువ వస్తాయి. ఒక్కొక్కటి పది రోజులు ఉంటే, ఎనిమిది జలుబులకు ఎనభై రోజులు. అవన్నీ కొన్ని నెలల్లోనే కుప్పగా వస్తాయి కనుక బిడ్డ ఎప్పుడూ నలతగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పుస్తకంలో మాత్రం మధ్యలో పూర్తిగా బాగున్న రోజులు స్పష్టంగా కనిపిస్తాయి, ప్రతి విడతకూ ముక్కు కారడమో, గొంతు నొప్పో, కడుపు పాడవడమో తోడుగా ఉంటుంది. బరువు సరిగ్గా పెరుగుతుంటే ఇక్కడ పెద్ద వెతుకులాట అవసరం ఉండదు.

రెండవది గడియారం పెట్టినట్టు తిరిగి వచ్చే జ్వరం. మూడు నుంచి ఆరు వారాలకోసారి వచ్చి, మూడు నుంచి ఆరు రోజులుండి, నోటి పూత, గొంతు మంట, మెడలో బిళ్లలు కట్టడంతో కూడి, మధ్యకాలంలో బిడ్డ పూర్తి ఆరోగ్యంగా ఉండి, సాధారణంగా ఐదేళ్ల లోపు మొదలయ్యే జ్వరానికి పీఫాపా అని పేరు. ఇందులో జ్వరం సన్నగా కాక ఎక్కువగానే ఉంటుంది. తర్వాతి విడత ఏ వారంలో వస్తుందో తల్లులు ముందే చెప్పగలుగుతారు. ప్రతిసారీ గొంతు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తూ పోవడం ఈ పిల్లలకు జరిగే అన్యాయం, ఎందుకంటే జ్వరం తనంతట తాను తగ్గితే ఆ ఘనత మందుకు పోతుంది. సుమారు 21 రోజులకోసారి వస్తూ నోటి పుళ్లు, చర్మంపై చీముగడ్డలు కూడా ఉంటే తెల్లకణాల్లో ఒక రకం క్రమంగా పడిపోయి లేచే సైక్లిక్ న్యూట్రోపీనియాను చూడాలి. దీన్ని పట్టుకోవడానికి ఆరు వారాల పాటు వారానికి రెండు మూడుసార్లు రక్తపరీక్ష చేస్తారు. ఒకటి నుంచి మూడు రోజులుండే జ్వరంతో తీవ్రమైన కడుపునొప్పి, ఛాతీనొప్పి, కీళ్లనొప్పి వస్తూ పోతుంటే వంశపారంపర్య జ్వర వ్యాధులు గుర్తుకు రావాలి.

మూడవది రోజూ విడవకుండా ఉండే జ్వరం. వెతకవలసింది ఎక్కువగా దీనికే. మూత్రనాళ ఇన్ఫెక్షన్, విడవని సైనస్ ఇన్ఫెక్షన్, క్షయ, టైఫాయిడ్, ఎప్‌స్టీన్ బార్ వైరస్, మలేరియా వంటి ఇన్ఫెక్షన్లు అన్నిటికన్నా సాధారణ కారణాలు. వాటి తర్వాత కీళ్లవాతం, పేగుల్లో దీర్ఘకాలిక వాపు వంటి వ్యాధులు, వాటికన్నా అరుదుగా రక్త క్యాన్సర్ వంటివి వస్తాయి. పిల్లల్లో ఎక్కువ సందర్భాల్లో కారణం వింత జబ్బు కాదు, మామూలు జబ్బే వింత వేషంలో వస్తుంది.

ఐదవ మెట్టు: బిడ్డను తలనుంచి పాదాల వరకు చూడటం

వారానికోసారి, మంచి వెలుతురులో, స్నానం చేయించే వేళ ఒళ్లంతా పరిశీలించండి. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు తగిలితే వాటి పరిమాణం రాసుకోండి. చిన్నవిగా, కదిలేవిగా ఉండటం పిల్లల్లో మామూలు, గట్టిగా పెరుగుతూ పోవడం, ముఖ్యంగా మెడ కింద ఉండే కాలర్ ఎముక పైభాగాన కనిపించడం మామూలు కాదు. కనురెప్ప లోపలి రంగు, చిగుళ్లు, అరచేతులు పాలిపోయాయేమో, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలున్నాయేమో చూడండి. ఉదయం లేవగానే కుంటుతూ, కాసేపటికి సర్దుకుంటుంటే కీళ్లవాపును అనుమానించాలి. రాత్రి నిద్ర లేపేంత ఎముక నొప్పిని 'ఎదిగే నొప్పి' అని కొట్టిపారేయకూడదు. మలంలో రక్తం, తరచు నోటిపూత, ఎత్తు పెరగడం ఆగిపోవడం ఈ మూడూ కలిస్తే పేగుల వైపు చూడాలి. పాత బట్టలు ఆర్నెల్లుగా పొట్టి కాకపోవడం కూడా చెప్పదగిన లక్షణమే. వేసవిలో మాత్రమే జ్వరం వస్తూ, అసలు చెమటే పట్టని, జుట్టు పలుచగా, పళ్లు మొనదేలి ఉన్న బిడ్డకు పుట్టుకతో స్వేదగ్రంథుల లోపం ఉండవచ్చు.

పళ్లు రావడాన్ని కారణంగా ఒప్పుకుని ఆగిపోవద్దు. పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కొద్దిగా వెచ్చబడవచ్చు గానీ 100.4 దాటిన జ్వరానికి, వారాల తరబడి ఉన్న జ్వరానికి అది సమాధానం కాదు.

ఆరవ మెట్టు: వైద్యుడి దగ్గర

పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టి, రెండు నిమిషాల్లో మూడు సంగతులు చెప్పండి: ఎప్పుడు మొదలైంది, ఏ ఆకారంలో వస్తోంది, జ్వరం కాక ఇంకేం మారింది. చిన్నపిల్లల వైద్యుడు ఒక్కరినే ఎంచుకుని ఆయన వద్దకే వెళ్లడం నా సలహా. వారానికొక ఆసుపత్రి మారితే ప్రతి చోటా మొదటి మెట్టు నుంచే మొదలవుతుంది, నిన్న లేని బిళ్ల నేడు వచ్చిందని గుర్తించే కన్ను ఎవరికీ ఉండదు.

మొదటి విడత పరీక్షలు సాదావే: రక్తకణాలను లెక్కించే సీబీపీ, వాటిని సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్ష, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందేమో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, మూత్రపరీక్ష, క్రిములను పెంచి చూసే మూత్రం కల్చర్, అవసరాన్ని బట్టి రక్తం కల్చర్, ఛాతీ ఎక్స్‌రే, క్షయకు చర్మపరీక్ష. చర్మపరీక్షను 48 నుంచి 72 గంటల మధ్య చదివించుకోవాలి, ఆ గడువు దాటితే ఫలితం నమ్మదగినదిగా ఉండదు. చిన్నపిల్లల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. అయితే అంటించిన సంచిలో పట్టిన మూత్రంలో చర్మంపై ఉండే క్రిములు కలుస్తాయి కనుక దానితో చేసిన కల్చర్‌లో క్రిములు కనిపించినా దాన్ని రుజువుగా తీసుకోరాదు. తిరిగి తిరిగి వచ్చే జ్వరానికి సీఆర్‌పీని జ్వరమున్న రోజున ఒకసారి, బాగున్న రోజున ఒకసారి చూడటం ఎంతో ఉపయోగం: జ్వరంలో పెరిగి, తర్వాత పూర్తిగా మామూలుకు వస్తే ఒక అర్థం, ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే వేరే అర్థం.

స్కానింగులు, ఎముక మూలుగ పరీక్ష వంటివి మొదటి విడతలో గానీ, బిడ్డ ఒంట్లో గానీ ఏదైనా ఆధారం దొరికినప్పుడే చేయాలి. 'అన్నీ ఒకేసారి చేసేయండి' అని తల్లిదండ్రులే కోరడం సహజం, ఆ ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ ఎక్కువ పరీక్షలు చేసేకొద్దీ అర్థం లేని చిన్న తేడాలు కూడా బయటపడి, వాటి వెంట మరిన్ని పరీక్షలు తరుముకొస్తాయి.

ఏడవ మెట్టు: మందుల విషయంలో నిగ్రహం

కారణం తెలియకుండా 'ఒకసారి వేసి చూద్దాం' అని ఇచ్చే యాంటీబయాటిక్ ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుందని భావిస్తాను. అది కల్చర్‌లో పెరగవలసిన క్రిమిని అణచి, జబ్బును పూర్తిగా తగ్గించకుండా దాని జాడను మాత్రం చెరిపేస్తుంది. స్టెరాయిడ్ ఇంకా ప్రమాదకరం. దాగి ఉన్న రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా కప్పిపెట్టి నిర్ధారణను ఆలస్యం చేయగలదు. ఇప్పటికే ఏదైనా వాడి ఉంటే దాచకుండా పేరుతో సహా వైద్యుడికి చెప్పాలి. కొత్త మందు మొదలైన వారం పది రోజులకు జ్వరం వచ్చి, వైద్యుడి సలహాతో ఆ మందు ఆపిన రెండు మూడు రోజులకు తగ్గితే ఆ మందే కారణం కావచ్చు.

సన్నజ్వరానికి జ్వరం మందు అవసరం లేదు. బిడ్డకు బాధగా ఉంటేనే పారాసిటమాల్, అదీ బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. సీసాల గాఢత వేర్వేరుగా ఉంటుంది కనుక చెంచాల్లో కాక మి.గ్రాముల్లో లెక్క వేసుకోవాలి. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఎన్నడూ వేయకూడదు, అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారి తీయవచ్చు.

ఎనిమిదవ మెట్టు: అన్నీ బాగానే ఉన్నాయంటే

బిడ్డ ఎదుగుతోంది, ఒంట్లో ఏ మార్పూ లేదు, పరీక్షలు రెండుసార్లు మామూలుగా వచ్చాయి, అంకె మాత్రం సాయంత్రాల్లో 99.8 దగ్గర ఉంటోంది. బడికి వెళ్లే వయసు పిల్లల్లో ఒత్తిడి వల్ల కూడా ఉష్ణోగ్రత ఇలా పెరుగుతుంది. ఇది నటన కాదు, శరీరం నిజంగానే వెచ్చబడుతుంది. అయితే ఇన్ఫెక్షన్ జ్వరంలో మెదడులోని ఉష్ణోగ్రత హద్దును పైకి నెట్టే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ప్రమేయం ఇందులో లేదు కనుక పారాసిటమాల్ పనిచేయదు, సీఆర్‌పీ పెరగదు. పరీక్షల కాలంలో, బడి రోజుల్లో పెరిగి, సెలవుల్లో తగ్గడం పుస్తకంలో కనిపిస్తే బిడ్డతో నింపాదిగా మాట్లాడాలి. 'ఏమీ లేదు, నాటకం' అన్న మాట ఆ బిడ్డ ముందు ఎవరూ అనకూడదు.

ఇలాంటప్పుడు థర్మామీటర్‌ను కొన్ని వారాలు లోపల పెట్టేయడమే చికిత్సలో భాగమని వైద్యుడు చెప్పవచ్చు. బిడ్డను బడికి, ఆటకు పంపండి. అంకెను కొలవడం మానినా, నెలకోసారి బరువు, ఎత్తు రాయడం, ఒళ్లు పరిశీలించడం మాత్రం మానవద్దు. మొదటి నెలలో కనిపించని లక్షణం మూడవ నెలలో కనిపించిన సందర్భాలు ఉంటాయి. బరువు తగ్గడం, కొత్త నొప్పి, కొత్త బిళ్ల, పాలిపోవడం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమట, ఆటపై ఆసక్తి పోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తదుపరి తేదీ కోసం ఆగకుండా పాత పుస్తకాన్నీ, పాత పరీక్షల కాగితాలనూ వెంటబెట్టుకుని వెళ్లి, మునుపు లేనిది ఏమి వచ్చిందో వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి.